శిథిల సమాధిఫలకముల పఠనము - కుటుంబచరిత్ర

మన శాసనపరిశోధకులు దేవాలయకుడ్యములను, తామ్రపత్రములను, విజయస్తంభములను చదువుటలో చూపిన శ్రద్ధలో నూరవవంతైనను తీరపట్టణములందలి సమాధిఫలకములపై చూపలేదనుట వారిని నిందించుట కాదు. రాజవంశముల క్రమమే సరిగా తేలని కాలమున, ఒక పరదేశి వర్తకుని భార్య ఏ యేట మరణించినదో తెలిసికొనవలెనను ఉత్సాహ మెవ్వరికి కలుగును? అయినను నేడు పరిస్థితి మారినది. తమ పూర్వులెవరో, ఎచ్చటివారో తెలిసికొనగోరు సామాన్య కుటుంబములవారు లేఖలు వ్రాయుచున్నారు. వారి ప్రశ్నకు సమాధానము కైఫీయత్తులలో దొరకదు, ప్రశస్తులలో దొరకదు. ఉప్పుగాలికి అరిగి, వెల్లపొరలలో కప్పబడి, సగము భూమిలో దిగిన ఒక రాతిపలకపై దొరకవచ్చును. ఆ పలకను చదువు విధమును గూర్చి, చదువుటలో ఒక్క అక్షరమెంత దూరము పోవునో దానిని గూర్చి, మా యనుభవమునకు వచ్చినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆంధ్రతీరమున ఇట్టి ఫలకములు గల చోట్లు పరిశోధకులకు క్రొత్తవి కావు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీవారు కొలదియేండ్లలోనే మచిలీపట్నమునకు వచ్చిరి. ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. పరాసులు 1750 మొదలు 1759 వరకు ఆ పట్టణము నేలిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేరులు నేటికిని ఆ యూర వినబడుచున్నవి. డచ్చివారిని మనవారు వలందులనిరి గనుక, వలందపాలెమను మాటలోనే ఒక సమాధిఫలకమంత చరిత్ర కలదు. భీమునిపట్నము, కాకినాడను ఆనుకొన్న జగన్నాయకపురము 1825లో ఆంగ్లేయుల వశమగువరకు డచ్చివారివే. మన సరిహద్దున కావల, తమిళనాట, ప్రళయకావేరి యొడ్డున నున్న పులికాటు 1613 నుండి వారి కోటగలిగిన స్థానము. అచ్చటి శ్మశానవాటిక ద్వారమున చెక్కిన అస్థిపంజరములను చూచినవారు మరువరు. ఈ చోట్లనున్న డచ్చి కట్టడములను, సమాధులను గూర్చి అలెగ్జాండర్ రీ 1897లో పురావస్తుశాఖ పక్షమున ఒక గ్రంథము ప్రకటించెను. చెన్నపురి రాజధానిలోని సమాధిలేఖనముల పట్టికను జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో వెలువరించెను, దానిని బి. ఎస్. బాలిగా సంస్కరించి 1945-46లో రెండు సంపుటములుగా మరల ప్రకటించెను. ఈ రెండు గ్రంథములు చేతలేక ఫలకము చెంతకు పోవుట, దీపము లేక గర్భగుడిలో ప్రవేశించుట వంటిది. ఏలన, ఆనాడు స్పష్టముగా నున్న అక్షరము లనేకము నేడు లేవు. అయితే కాటన్ చారిత్రకప్రాముఖ్యము గల లేఖనములను మాత్రమే ఏరుకొనెను. సామాన్యుల రాళ్లు ఆయన పట్టికలో చాలవరకు లేవు. కుటుంబచరిత్రకారునకు కావలసినవి తరచుగా అవియే.

రాయి యరుగుటలో జాతిభేదము కలదు. నల్లరాయి గట్టిది, దానిపై లోతుగా చెక్కిన అక్షరము మూడువందలయేండ్లైనను నిలుచును. కాని పులికాటు ఫలకములందువలె చుట్టునున్న రాతిని తొలిచి అక్షరమును ఉబ్బెత్తుగా నిలిపినచోట, అడుగుల రాపిడికి మొదట పోవునది అక్షరపు ముఖమే. అట్టిచోట అక్షరము పోయినను దాని చుట్టునున్న తొలిచిన పల్లము మిగులును; చదువరి అక్షరమును గాక దాని నీడను చదువవలెను. కడపరాయి నునుపుగా కనబడును, చెక్కుట సులభము, వెల తక్కువ. అందుచేత పందొమ్మిదవ శతాబ్దిలో దాని వాడుక హెచ్చినది. అది పొరలు పొరలుగా విడుచును. పై పొర లేచినప్పుడు నాలుగుపంక్తులు ఒక్కమారుగా పోవును. చలువరాయి వానకు కరగును. అక్షరపు అంచులు మొద్దువారి, చక్కెర యద్దినట్లు గరుకెక్కును. ఇక సముద్రపుగాలిలోని ఉప్పు రాతి సూక్ష్మరంధ్రములలో చేరి, ఎండకు గట్టిపడి, లోపలినుండి రాతిని పగులగొట్టును. తీరమున పడమటి ముఖముకంటె తూర్పుముఖము శిథిలమై యుండుట మే మనేకచోట్ల చూచితిమి.

కాలము చేయు హాని యొకటి, మనుష్యులు ప్రేమతో చేయు హాని మరియొకటి. సమాధుల పండుగకు ఏటేట వేయు వెల్ల, అక్షరముల గుంటలను పూడ్చును. ఇది కొంతవరకు మేలే. వెల్లక్రింద రాయి భద్రముగా నుండును. రంగు మాత్రము ప్రమాదకరము. అరిగిన యక్షరములపై నల్లరంగు దిద్దువాడు ఆ లిపి చదువగలవాడు కాకున్నచో, మూడు ఎనిమిదియగును, ఒకటి ఏడగును. ఆ రంగును చూచి వ్రాసికొన్నవారు కాగితముపై దానిని శాశ్వతము చేయుదురు. రంగు దిద్దిన అంకెను అడుగునున్న ఉలిగంటుతో పోల్చి చూడక ప్రమాణముగా గ్రహింపరాదు. సీసము పోసి పొదిగిన యక్షరములు గల చలువరాళ్లలో సీసమును ఎవరో ఊడబెరుకుట మామూలు. అట్టిచోట సీసమును పట్టియుంచుటకై తొలిచిన చిన్నచిన్న రంధ్రములు మిగిలియుండును. ఏ యక్షరమున కెన్ని రంధ్రములు, ఎచ్చటెచ్చట నున్నవో పూర్ణముగా మిగిలిన యక్షరములనుండి గ్రహించి, పోయినవానిని తిరిగి నిలుపవచ్చును. ఈ పని చుక్కల ముగ్గును చూచి గీతలు పోల్చుకొనుట వంటిది.

చదువుటకు మొదటి సాధనము వెలుతురు. మిట్టమధ్యాహ్నము ఫలకమునెదుట నిలిచి ఏమియు కనబడలేదని తిరిగివచ్చినవారు సాయంకాలము మరల పోయి చూడవలెను. సూర్యుడు వాలి, కిరణములు రాతిముఖమును రాచుకొనుచు పోవు వేళ, వెండ్రుకవాసి లోతు గల గీతయు నీడ నిచ్చును. ఉత్తరముఖముగా నున్న రాతికి అట్టి వెలుతురు లభింపనిచో, ఒక నిలువుటద్దమును దూరముగా నిలిపి ఎండను ప్రక్కనుండి రాతిపైకి మరల్పవచ్చును. రాత్రియైనచో టార్చిదీపము చాలును. నేడు కెమెరాను కదల్పక, దీపమును మాత్రము చుట్టును త్రిప్పుచు పెక్కు చిత్రములు తీసి, వానిని కంప్యూటరుతో కూర్చి, వెలుతురు దిశను తెరపై మార్చుచు చదువు పద్ధతి వచ్చినది. అది మిక్కిలి ప్రయోజనకారి. కాని దానికి మూలసూత్రము సాయంకాలపు ఎండయే.

శాసనశాఖవారు తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో మోది, మసి యద్ది ప్రతి తీయు పద్ధతి మనకు పరిచితము. గట్టి నల్లరాతికది నిరపాయము. పొర విడుచు కడపరాతిపై ఆ మోదుట తగదు. సుద్ద రుద్దుట, పిండి చల్లుట, ఆమ్లముతో కడుగుట, ఇనుపతీగెల బ్రష్షుతో తోముట, వీనిని మేము పూర్తిగా నిషేధింతుము. ఒకనాటి చదువుకొరకు రాతిని తోమువాడు తరువాత వచ్చు చదువరి కన్నులు పొడిచినట్లే. మంచినీరు, మెత్తని కుంచె, ఓపిక: ఈ మూడింటితో తేలనిది చాలవరకు తేలదు, తేలలేదని వ్రాసికొనుటయు ఒక ఫలితమే.

డచ్చి ఫలకములను చదువువారు ముందుగా వాని వాక్యఫక్కిని కంఠస్థము చేయవలెను. మన దానశాసనములలో "స్వస్తిశ్రీ" మొదలుకొని శాపశ్లోకము వరకు నడక యెట్లు నియతమో, వీనియందును అట్లే. "హియర్ లైట్ బెగ్రావెన్" అని మొదలగును. ఇచ్చట ఖననము చేయబడి యున్నాడని యర్థము. పిమ్మట పేరు, జీవితకాలమున వహించిన యుద్యోగము: "కోప్‌మన్" అనగా వర్తకుడు, "ఓండర్‌కోప్‌మన్" అనగా ఉపవర్తకుడు, "ఓపర్‌హోఫ్ట్" అనగా ఆ స్థానపు ముఖ్యాధికారి. తరువాత మరణదినము, కడపట వయస్సు. ఈ నడక తెలిసినవానికి పంక్తిలో మూడక్షరములు మిగిలినను పదము దొరకును. ఆ సౌలభ్యమే యొక ఉచ్చు గూడ. తెలిసిన పదమును కన్ను తానే పూరించుకొని, రాతిపై లేనిదానిని చూచితినని నమ్మించును.

కుటుంబచరిత్ర దృష్టితో డచ్చి ఫలకము ఆంగ్లఫలకముకంటె ఉదారమైనది. ఆంగ్లేయస్త్రీ వివాహముతో పుట్టినింటి పేరు కోల్పోవును. ఆమె రాతిపై భర్త యింటిపేరే యుండును. డచ్చిస్త్రీ పుట్టినింటి పేరుతోనే ఖననమగును; ఫలానావాని భార్య యను మాట వెంట వచ్చును. ఒక్క రాతితో రెండు వంశములు తెలియును. కొన్నిటిపై కులచిహ్నములును జంటగా చెక్కబడియుండును. చూచువానికి ఎడమవైపు భర్తది, కుడివైపు భార్యది. అక్షరములన్నియు పోయి చిహ్నము లోని సింహమో, చేపయో మిగిలియుండుట కద్దు.

డచ్చిపేరులలో చదువరిని మోసగించునది కడపటి యక్షరము. యాన్ కుమారుడు యాన్స్, పీటర్ కుమారుడు పీటర్స్. ఇవి యింటిపేరులు కావు, తండ్రిపేరులు. ఈ సంబంధమును తెలుపు చివరి రెండక్షరములు చిన్నవిగా, ఒక్కొక్కప్పుడు పంక్తిపైకి లేచి, చెక్కబడును. అవి అరిగిపోయినచో తండ్రి పేరు కొడుకునకు రెండవపేరుగా కనబడును. ఆ పొరపాటున ఒక తరము మాయమగును. మన యింటిపేరు తరతరములకు మారకుండ ముందు నిలుచుటకు అలవాటుపడిన మనకు, ప్రతితరమునను మారు ఈ పేరు మరింత తికమక కలిగించును. ఇంకొకటి: చిన్న యక్షరములలోని పొడుగు "ఎస్" అరిగినప్పుడు "ఎఫ్" వలె కనబడును, "యు", "వి" అనువానికి ఆ కాలమున భేదము పాటింపలేదు, "ఎన్" అను పెద్దక్షరము అద్దమున చూచినట్లు తిరుగబడి కనబడుటయు కలదు. తిరుగబడిన యక్షరమును చూచినప్పుడు, కాగితముపై నిచ్చిన మాదిరిని అర్థము తెలియకయే ఉలితో దింపిన కాసెపనివానిని తలచుకొనవలెను. అతడు మనవాడై యుండవచ్చును. అతని పేరు ఏ రాతిపైనను లేదు.

తేదీల విషయమున కొంత విపులముగా వ్రాయవలసియున్నది. మన శాసనములలో శకవర్షము, ప్రభవాది సంవత్సరనామము, మాసము, తిథి, వారము అన్నియు కలసివచ్చును గనుక ఒకటి చెడినను తక్కినవి దానిని నిలుపును. ఉదాహరణమునకు "ప్రభవ" అని స్పష్టముగా నుండి, శకవర్షములో 16 అను మొదటి రెండంకెలు మాత్రము మిగిలినవనుకొందము. అరువదియేండ్ల చక్రము పదింట నిశ్శేషముగా భాగింపబడును గనుక ప్రభవకు శకవర్షపు చివరి యంకె ఎల్లప్పుడు తొమ్మిదియే. కావున అది 1609 కావలెను, లేదా 1669 కావలెను. మూడవ దారి లేదు. పాశ్చాత్య ఫలకములలో ఈ కట్టుదిట్టము లేదు. ఉన్న యాధార మొక్కటి, వయస్సు. ఏండ్లు, నెలలు, దినములు లెక్కవేసి చెక్కుట డచ్చివారి యలవాటు. 1690 మే 12న మరణించి, వయస్సు 34 ఏండ్ల 7 నెలల 20 దినములైనచో, పుట్టినది 1655 సెప్టెంబరు 22. ఆ తేదీకి దగ్గరలో బాప్తిస్మపుటలలో అదే పేరు దొరికినచో రాతిపఠనము నిలిచినట్లే. దొరకనిచో 34 నిజముగా 34యో, 54యో మరల చూడవలెను. ల్యాటినులో "ఏటాటిస్ 35" అని యున్నచో ముప్పదియైదవ యేట ననుట, నిండినవి ముప్పదినాలుగే.

దీనికి తోడు పంచాంగభేదమొకటి. హాలండు రాష్ట్రము 1583 నుండియే క్రొత్త గ్రెగరీ పంచాంగమును పాటించెను. ఇంగ్లాండు 1752 వరకు పాతదానినే పట్టుకొనియుండెను. అచ్చట చట్టరీత్యా సంవత్సరాది మార్చి 25. కావున మచిలీపట్నమున ఒకేదినమున మరణించిన డచ్చివానికి, ఆంగ్లేయునకు పదునేడవ శతాబ్దిలో పదిదినముల వ్యత్యాసముతో, 1700 ఫిబ్రవరి పిమ్మట పదునొకండు దినముల వ్యత్యాసముతో తేదీలు పడును. ఆంగ్లఫలకముపై 1720 ఫిబ్రవరి అని యున్నచో మన లెక్కకు అది 1721 కావచ్చును. తండ్రి మరణించిన యేడాదికి కుమారుడు పుట్టెనని వంశవృక్షములలో కనబడు వింతలు కొన్ని ఈ భేదమును గమనింపకపోవుటచేత ఏర్పడినవే.

ఫలకము మితభాషియైనచోట జనశ్రుతి వాచాలమగును. హైదరాబాదు మలకపేట ప్రాంతమున అస్మాన్‌గఢ్ గుట్టపై నున్న ఫ్రెంచి సేనాని రేమాండు సమాధిస్తంభమే దీనికి చక్కని సాక్ష్యము. ఆయన 1798 మార్చి 25న మరణించెను. పూర్తిపేరు మిషెల్ జోయాకిం మారీ రేమాండు. నల్లరాతి స్తంభముపై నున్నవి "జె", "ఆర్" అను రెండక్షరములే. పేరు తెలియనివాడు ఆ "జె"ను చూచి ఎన్ని పేరులైనను కల్పింపవచ్చును. పరిసరజనులు ఆయనను కొందరు మూసారాముగా, కొందరు మూసారహీముగా తలచుకొనిరి; మూసారాంబాగను పేటపేరు ఇందుండి వచ్చినదే. ఇచ్చట కథ మనోహరము, హానిలేనిది. కుటుంబచరిత్రలో కథ యన్నివేళల నట్లుండదు.

ఇంతవరకు వ్రాసినది పద్ధతి. ఆ పద్ధతి యేమి చేయగలదో తెలుపుటకు మా చేతికి వచ్చిన ఒక ఫలకమును గూర్చి వివరముగా వ్రాయుదుము. కుటుంబమువారి గౌరవమునకై వారి పేరును, ఊరి పేరును ఇచ్చుట లేదు. వారు ఆంగ్లో-ఇండియనులు, తాతగారు మన ప్రాంతమున రైల్వేలో పనిచేసి, 1947 తరువాత ఆస్ట్రేలియాకు తరలిపోయిరి. వారి వంశకథ యిది: మూలపురుషుని తండ్రి చెన్నపురి సైన్యపు ఆయుధశాఖలో "కండక్టర్" అను పదవి వహించినవాడు, మొదటిభార్య 1831లో చనిపోగా, ఇంగ్లాండునుండి క్రొత్తగా వచ్చిన యొక దొరసానిని పెండ్లాడెను, మూలపురుషుడు ఆమె కుమారుడు. మొదటిభార్య ఫలకము తీరపట్టణమున నున్నదని విని, దానిని చదివి పంపుమని కోరిరి. మూలపురుషుని బాప్తిస్మము కొరకు వారు 1832 మొదలుకొని పుటలన్నియు వెదకి విసిగియుండిరి.

ఫలకము కడపరాయి. పైయంచున పొర లేచిపోయినది. మధ్యభాగము పాదములక్రింద నరిగినది. స్త్రీ పేరు తెలియుచున్నది, 1831 తెలియుచున్నది, వయస్సు 47 అనుట తెలియుచున్నది. ఆమెకును కండక్టరునకును గల సంబంధమును తెలుపు పంక్తిలో మాత్రము మొదటిమాట పూర్తిగా చదునైనది. మిగిలినది "ఆఫ్ ది లేట్ కండక్టర్" అను భాగము. పేరు క్రిందిపంక్తిలో నున్నది. "లేట్" అను మాటకు ఆ కాలమున రెండర్థములు కలవు: మరణించిన వాడనియు, పూర్వము ఆ పదవి వహించిన వాడనియు. కావున ఆ మాటచేత కండక్టరు అప్పటికి బ్రతికియుండెనో లేదో తేలదు. అంతయు పోయిన మొదటిమాటపైనే ఆధారపడినది.

ఫలకమున పంక్తులన్నియు నడుమకు కుదిర్చి చెక్కబడినవి. చెడని నాలుగుపంక్తుల మధ్యబిందువులను కొలిచి నిలువుగీత నిర్ణయించితిమి. ఆ గీతకు కుడివైపు మాపంక్తి ఎంతదూరము పోయినదో, ఎడమవైపు నంతే పోవలెను. మిగిలిన మాటలకు కావలసిన చోటు తీసివేయగా, మొదటిమాటకు ఆరక్షరముల చోటు తేలినది. కొలతలో ఒక యక్షరము హెచ్చుతగ్గులుండవచ్చును. భార్య యనుటకు ఆంగ్లమున నాలుగే యక్షరములు. కుమార్తె యనుటకు ఎనిమిది. రెండును పొసగవు. ఆరక్షరముల మాటలు రెండు మిగిలినవి: "రెలిక్ట్" అనగా విధవ, "సిస్టర్" అనగా సోదరి. సోదరియైనచో వంశకథకు మొదటిభార్యయే లేకుండ పోవును. విధవయైనచో కండక్టరు ఆమెకు ముందే మరణించెను. ఆమె పోయిన పిమ్మట అతడు రెండవపెండ్లి చేసికొనుట అసంభవము.

రెండుదినములు సాయంకాలము చూచితిమి. మొదటినాడు మబ్బు. రెండవనాడు ఐదున్నర దాటిన పిమ్మట ఆ చదునుచోట ఒక చిన్న గుండ్రని గుంట నీడ నిచ్చెను. ఆంగ్లపు చిన్నక్షరములలో "ఐ"కి పైన చుక్క యుండును గదా. కాసెపనివాడు గీతను ఉలితో పైపైన లాగును, చుక్కను మాత్రము మొన నిలిపి సుత్తితో కొట్టును. అందుచేత చుక్క గీతకంటె లోతు. గీతలన్నియు పోయి చుక్క మిగిలినది. అది నాలుగవ యక్షరపు స్థానమున నున్నది. "రెలిక్ట్" అను మాటలో "ఐ" నాలుగవది; "సిస్టర్" అను మాటలో రెండవది. ఆ చుక్కను చూచిన తరువాత మూడవస్థానమున పైకిలేచిన నిలువుగీత తుదియు, ఆరవస్థానమున అడ్డగీత తునుకయు పోల్చుకొనగలిగితిమి. ఈ రెండింటిని చుక్క చూపించినదని ఒప్పుకొనవలెను; వానికి స్వతంత్రప్రమాణముగా విలువ ఈయము. కొలత, చుక్క, ఈ రెండే ఆధారములు. అవి చాలునని మా యభిప్రాయము.

పఠనము మారగానే వెదకవలసిన చోటు మారినది. చెన్నపురి రాజధాని బాప్తిస్మ, వివాహ, ఖననముల వార్షికప్రతులు 1698 మొదలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. నేడు వానిని ఇంటనుండియే చూచు సదుపాయము కలదు. 1831కి పూర్వము వెదకగా కండక్టరు ఖననము 1829లో, మరియొక దండు పుటలలో దొరికినది. మూలపురుషుని బాప్తిస్మము 1824లో దొరికినది. అనగా, సమాధిలోని స్త్రీ కండక్టరు భార్యగా బ్రతికియున్న కాలముననే ఆ బిడ్డ పుట్టెను. తల్లి పేరుండవలసిన చోట ఆ స్త్రీ పేరు లేదు. ఒక్క క్రైస్తవనామము మాత్రము కలదు, ఇంటిపేరు లేదు, ఆ పుటలోని తక్కిన నమోదులలో తల్లిపేరు ప్రక్కన వచ్చు "అతని భార్య" యను మాటయు లేదు.

ఇట్టి నమోదులు చదివినవారికి దాని భావము తెలియును. దండులలోని కంపెనీవారితో కాపురముండిన ఈ దేశపు స్త్రీలు బాప్తిస్మముతో పొందిన ఒంటిపేరులతో పుటలలో కనబడుట మామూలు. ఆ దండు తెలుగుదేశమున నుండెను. అందుచేత ఆమె యీ ప్రాంతపు స్త్రీ యై యుండవచ్చునని తలచుటకు అవకాశమున్నది. తెలుగు స్త్రీయని వ్రాయుటకు ఆధారము లేదు, మేము వ్రాయలేదు. ఇంగ్లాండునుండి వచ్చిన దొరసాని కథ ఎప్పుడు, ఎవరు అల్లిరో తెలియదు గాని, దేనిని కప్పుటకు అల్లిరో ఊహించుట కష్టము కాదు. ఒక తరమువారికి ఆ కథ ఉద్యోగమునకు, పెండ్లికి అవసరమై యుండును. వారిని తప్పుపట్టుటకు మనమెవ్వరము?

మా లేఖ చేరిన పిమ్మట ఆ కుటుంబమున ఒక పెద్దవారు, ఆ మాటను వేరుగా చదువుటకు వీలులేదా యని వ్రాసిరి. కొలతలను, చిత్రములను పంపి, స్వయముగా లెక్కించి చూడుమని కోరితిమి. తరువాత ఆయన మనుమరాలు వ్రాసినది. ఆమె ప్రశ్న వేరు: ఆ ఒంటిపేరు గల స్త్రీ సమాధి ఎచ్చట నున్నది?

ఆ దండు ఉండిన యూర పాత శ్మశానవాటిక నంతయు చూచితిమి. ఆ పేరుగల ఫలకము లేదు. గోడవెంబడి, రాయి వేయక మట్టిదిబ్బలుగా విడిచిన వరుస ఒకటి ఉండెనని కాపరి చెప్పెను. ఇప్పుడచ్చట తుమ్మలు పెరిగియున్నవి. ఖననపుటలలో ఆ పేరు 1824 తరువాత నాలుగుచోట్ల వచ్చినది. నాలుగును ఇంటిపేరు లేనివే. వానిలో ఏది యామెదో నిర్ణయించు సాధనము నేటికి లేదు. కావున మా పత్రములలో తల్లి స్థానమున బాప్తిస్మపుటలోని ఒంటిపేరును, దాని తరువాత ఖాళీచుక్కలను ఉంచితిమి. ఫలకపు పంక్తిని మాత్రము, మిగిలిన యక్షరమును విడిగాను, మేము నిలిపిన యక్షరములను చదరపు కుండలీకరణములలోను చూపి, "[రెలిక్ట్] ఆఫ్ ది లేట్ కండక్టర్" అని ప్రకటించుచున్నాము. చుక్క యున్నచోటు రాతియంచునుండి ఎంతదూరమో కొలతతోకూడ పత్రమున నిచ్చితిమి. మరియొకరు పోయి చూడవచ్చును.